అన్నీ తెలిసినవాడు ఎందుకు రావాలి?

దేవుడు సర్వజ్ఞుడని నమ్మేవారి ముందు క్రిస్మస్ ఒక చిక్కు ప్రశ్న పెడుతుంది. ఆకలి ఎలా ఉంటుందో, చలి ఎలా కొరుకుతుందో, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి రాత్రి ఎలా గడుస్తుందో ఆయనకు ముందే తెలుసు. తెలియనిదంటూ ఏదీ లేదు. అలాంటప్పుడు ఆయన మనిషిగా పుట్టడం దేనికి? కొత్తగా తెలుసుకోవలసింది లేనప్పుడు, ఉన్నచోటి నుంచే అన్నీ చక్కబెట్టగలిగినప్పుడు, ఒక పేద స్త్రీ గర్భంలో తొమ్మిది నెలలు ఉండి, పశువుల తొట్టిలో పడుకుని, ముప్పై ఏళ్ల తర్వాత కొయ్యకు వేలాడవలసిన అవసరం ఏమొచ్చింది? ఈ ప్రశ్న విశ్వాసిది మాత్రమే అనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. ఒక మనిషి గురించి అంతా తెలియడానికీ, ఆ మనిషి దగ్గర ఉండటానికీ తేడా ఉందా అన్నదే ఇందులోని అసలు సంగతి. దూరం నుంచే సమస్తం తెలుసుకోగల యంత్రాలను చేతిలో పెట్టుకుని తిరుగుతున్న మనకు ఇంతకన్నా దగ్గరి ప్రశ్న మరొకటి లేదు.

నరసరావుపేటకూ వినుకొండకూ మధ్య, గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు దారిలో ఉంటుంది శావల్యాపురం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో డిసెంబర్ రాగానే ఇళ్ల ముందు నక్షత్రాలు వేలాడతాయి. ఒకప్పుడు వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి చేసుకునేవారు, ఇప్పుడు బజారులో దొరికే ఎల్‌ఈడీ నక్షత్రాలే ఎక్కువ. నెల మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. రాత్రిపూట క్యారల్స్ బృందాలు డప్పులతో ఇంటింటికీ తిరుగుతాయి. వాటితోపాటే ప్రసంగాలు యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతాయి. హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ఆరాధన చూస్తాడు. ప్రార్థన విన్నపాలు వాట్సాప్‌లో వస్తాయి, 'ఆమేన్' కూడా వాట్సాప్‌లోనే వెళ్తుంది. ఇదంతా చెడిపోవడమని నేను అనను. అయితే దేవుడు శరీరంతో వచ్చాడని చెప్పే పండుగను శరీరాలు లేకుండా జరుపుకోవడం ఎంతవరకు సాధ్యమో ఆలోచించవలసిందే.

ముందుగా ఆ విశ్వాసం ఏమంటుందో సరిగ్గా చూద్దాం. యోహాను సువార్త మొదటి అధ్యాయం ప్రకారం ఆదిలో దేవుని దగ్గర ఉన్న వాక్కే మాంసమూ రక్తమూ ఉన్న మనిషై మన మధ్య నివసించింది. ఫిలిప్పీయులకు రాసిన లేఖలో పౌలు మరో అడుగు ముందుకు వేసి, క్రీస్తు తన దైవస్థాయిని పట్టుకుని వేలాడక తనను తాను ఖాళీ చేసుకున్నాడన్నాడు. ఈ మాటను మొదట్లో తట్టుకోలేకపోయినవారు నాస్తికులు కారు, భక్తులే. అంతటివాడికి చెమట పట్టడం, ముల్లు గుచ్చుకుంటే నెత్తురు రావడం వారికి మర్యాదగా తోచలేదు. ఆ శరీరం నిజమైనది కాదు, అలా కనిపించిందంతే అని వాదించారు. రెండో శతాబ్దం తొలి రోజుల్లోనే అంతియొకయ ఇగ్నేషియస్ తన లేఖల్లో ఆ వాదాన్ని గట్టిగా ఖండించాడు. చివరకు 451లో చాల్సిడాన్ సభ ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని తీర్మానించింది. ఆ రెండూ ఒకే వ్యక్తిలో ఎలా ఇముడుతాయో సభ వివరించలేదు. ఏ ఒక్కదాన్నీ తగ్గించి చెప్పకూడదని మాత్రం హద్దు గీసింది.

అవతార కథలు మనకు కొత్త కాదు. రాముడు సీత కోసం ఏడ్చాడు, కృష్ణుడు వేటగాడి బాణానికి ఒరిగాడు. కాబట్టి దేవుడు బాధపడటం ఒక్క క్రైస్తవులే కనిపెట్టారనడం న్యాయం కాదు. కానీ రాజవంశంలో పుట్టినవారికి కష్టాలు రావడం వేరు, పేదరికంలోనే పుట్టడం వేరు. ఆ శిశువుకు సత్రంలో చోటు దొరకలేదు. ఆ వార్త ముందుగా అందింది రాత్రివేళ పొలాల్లో మంద కాస్తున్న గొల్లలకు. పల్నాటి రైతుకు ఈ దృశ్యాన్ని వేరే వివరించనక్కర్లేదు. పంట తీసిన చేలో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించడం, మందకాపరులు రాత్రంతా ఆ చలిలోనే పడుకోవడం ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నదే.

ఇక హేతువు అడగవలసినవి అడగాలి. మత్తయి లెక్కన యేసు హేరోదు బతికి ఉండగా పుట్టాడు. హేరోదు క్రీస్తుపూర్వం 4లో చనిపోయాడని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. లూకా ఆ పుట్టుకను సిరియా పాలకుడు కురేనియ కాలంలో జరిగిన ప్రజాసంఖ్యతో ముడిపెట్టాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెప్పినదాన్ని బట్టి ఆ లెక్కలు క్రీస్తుశకం 6లో జరిగాయి. మధ్య దాదాపు పదేళ్ల తేడా. జ్ఞానులు మత్తయిలోనే ఉన్నారు, గొల్లలు లూకాలోనే ఉన్నారు. డిసెంబర్ 25 అనే తేదీ ఏ సువార్తలోనూ లేదు. రోమ్‌లో 354లో కూర్చిన ఒక పంచాంగంలో అది కనిపిస్తుంది. వీటిని సర్దడానికి పండితులు చాలా దారులు వెతికారు, ఏదీ అందరినీ ఒప్పించలేదు. 'జరిగిందో లేదో వదిలేయండి, అర్థం గొప్పది' అంటే వాదన సులువుగా ముగుస్తుంది. కానీ విశ్వాసికి ఆ మాట సరిపోదు. నిజంగా రాకపోతే ఆయనకు క్రిస్మస్‌లో మిగిలేది మంచి కథ మాత్రమే. ఆ పట్టుదలను మనం గౌరవించాలి. చరిత్రగా దాన్ని రుజువు చేసే ఆధారం లేదన్న మాటనూ దాచకూడదు. ఈ రెండూ ఒప్పుకున్నాక కూడా ఆ కథ మోస్తున్న ఆలోచనను విడిగా పరీక్షించే హక్కు మనకు ఉంటుంది.

లూకా తన కథను ప్రభుత్వ జనాభా లెక్కతో మొదలుపెట్టాడన్నది గమనించవలసిన విషయం. తేదీ తప్పో ఒప్పో, ఆ ఎత్తుగడ చాలా లోతైనది. ఎక్కడో రోమ్‌లో కూర్చున్న ఔగుస్తు తన సామ్రాజ్యంలో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవాలనుకున్నాడు. పన్నులకు లెక్క కావాలి. అందుకోసం నిండు గర్భిణి ప్రయాణం చేయవలసి వచ్చింది. ఆమె ఆ లెక్కలో ఒక అంకె, ఆమె నొప్పులు ఆ లెక్కలోకి రావు. దూరం నుంచి తెలుసుకునే అధికారం ఒక పక్కన, అదే సమయంలో దగ్గరకు వచ్చే దేవుడు మరో పక్కన. లూకా ఈ రెంటినీ ఒకే పేజీ మీద పెట్టాడు.

దూరపు లెక్క మన నేల మీద ఏం చేసిందో చెప్పడానికి ఒక కరువు ఉంది. 1876-78 మధ్య మద్రాసు రాజధానిని కబళించిన ఆ కరువును మనవాళ్లు ధాత కరువు అన్నారు. చచ్చినవారు లక్షల్లో ఉన్నారు. ఖర్చు తగ్గించే బాధ్యతతో వైస్రాయ్ లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 జనవరిలో కరువు పనుల కూలిని కోసేశాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌను అంటే నేటి తూకంలో అర కిలో కూడా కాదు. దానితోనే కాలువలు తవ్వాలి, రాళ్లు కొట్టాలి. టెంపుల్ రాక్షసుడేమీ కాదు. మూడేళ్ల ముందు బీహార్ కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి ప్రాణాలు కాపాడి, అందుకే పైవారి చేత మాటలు పడ్డవాడు. ఈసారి ఖజానా లెక్కకు లొంగాడు. ఆ కూలిని ఎదిరించినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్. శిబిరాల్లో చిక్కి శల్యమైపోతున్న కూలీల స్థితిని చూపించి, పని చేసే శరీరానికి ఎంత తిండి కావాలో లెక్క కట్టి వాదించాడు. 1877 మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది.

కార్నిష్ కూడా అంకెలతోనే వాదించాడన్నది ఇక్కడ ముఖ్యం. అతడు విజ్ఞానాన్ని పక్కకు నెట్టి జాలిని తీసుకురాలేదు. అతడి అంకెలు మనుషుల ఒంటి మీద నుంచి తీసినవి, టెంపుల్ అంకెలు ఖజానా దగ్గర మొదలైనవి. సాంకేతిక యుగంలో దేవుడి అవతరణ గురించి ఆలోచించేటప్పుడు యంత్రాన్ని ఒక పక్క, ప్రేమను ఇంకో పక్క నిలబెట్టి చూసే అలవాటు మనకు ఉంది. అది తప్పుదోవ. కొలత క్రూరం కాదు. ఎక్కడ నిలబడి కొలుస్తున్నామన్నదే తేడా తెస్తుంది.

అదే కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కథ మరో కోణం చూపుతుంది. యౌవనంలో సర్వే పని నేర్చిన మనిషి. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఆ ప్రవాహమే తర్వాత వినుకొండ, నరసరావుపేట ప్రాంతాలకూ చేరింది.

ఆ 2,222 మంది దేన్ని నమ్మారు? అన్నానికి లొంగారనడం వారి బుద్ధిని చిన్నబుచ్చడమే. చాల్సిడాన్ సూత్రం తర్కించి ఒప్పుకున్నారనడం మరీ అతిశయం. నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. ఊరి నీడ కూడా దూరం జరిగే బతుకులో, తమ పక్కన నిలబడి, తమ పేరు అడిగి, తమతో కలిసి మట్టి దగ్గర ఉన్న మనుషులను వారు చూశారు. వారిలో అందరికన్నా ముందువాడు దొర కాదు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తమవాడే, పల్లె పల్లె తిరిగి చెప్పాడు. దేవుడు మనిషై వచ్చాడన్న మాట తత్వశాస్త్రంగా వారికి చేరలేదు, ఒక రాకగా చేరింది. అందుకే అది నిలిచింది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లో ఈపాస్ యంత్రాలు వచ్చాయి. వేలు పెడితే ఆధార్‌తో సరిపోల్చి బియ్యం ఇస్తారు. వాటి ప్రయోజనం కాదనలేనిది. అంతకుముందు చచ్చినవారి పేరున, లేనివారి పేరున బియ్యం పోయేవి, పేదవాడి పేరు మీద ఇంకెవరో తినేవారు. ఆ దొంగతనాన్ని యంత్రం చాలావరకు పట్టుకుంది. కానీ జీవితమంతా పత్తి తీసి, మిరపకాయ కోసి, మట్టి మోసిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. వయసు మళ్లినకొద్దీ ఇంకా అరుగుతాయి. 'వేలిముద్ర పడలేదు' అన్న మాట అక్కడ పుట్టింది. కంటి పాపతోనో ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనో వేరే దారులు ఉన్నాయి, అవీ పని చేయని రోజులూ ఉన్నాయి. శ్రమ చేసినందుకు మనిషి గుర్తుపట్టరానివాడయ్యాడు. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మెజారిటీ ఆధార్‌ను సమర్థించింది. విడిగా తీర్పు రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్ మనిషి గౌరవం, హక్కులు ఒక యంత్రపు సంభావ్యతల మీద ఆధారపడకూడదని హెచ్చరించారు.

యోహాను సువార్త చివర్లో తోమా కథ ఉంది. తిరిగి లేచిన గురువును నమ్మడానికి అతడు గాయాలను తాకి చూడాలన్నాడు. అతణ్ణి సందేహి అని తక్కువ చేసి చెప్పడం బోధకుల అలవాటు. నాకు అతడి ప్రశ్న సరైనదిగానే కనిపిస్తుంది. శరీరంతో వచ్చాడని చెబితే శరీరంలోనే గుర్తు అడిగాడు. ఆ గుర్తు ఏమిటి? చెక్కుచెదరని రూపురేఖలు కావు, మేకులు దిగిన చోట్లు. బాధ వల్ల వచ్చిన మార్పే అక్కడ గుర్తింపు. మన యంత్రం మారనిదాన్ని బట్టి మనిషిని గుర్తుపడుతుంది, తోమా మారినదాన్ని బట్టి గుర్తుపట్టాడు. యంత్రాన్ని తిట్టడానికి ఈ మాట అనడం లేదు. అరిగిన వేలు చూసి 'ఈవిడ నాకు తెలుసు' అని చెప్పగల మనిషికి ఆ దుకాణంలో అధికారం ఎందుకు లేకుండా పోయిందన్నది మన ఏర్పాటుకు సంబంధించిన ప్రశ్న.

పింఛన్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. కొన్నేళ్లపాటు వాలంటీర్లు నెల మొదటి రోజున ఇంటికి వచ్చి పింఛను ఇచ్చేవారు. 2024 ఎన్నికల వేళ ఆ పని వారి చేత చేయించకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. మే నెలలో చాలామందికి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడింది. ఆదేశం సరైనదా కాదా అన్నది రాజకీయ చర్చ, దాన్ని ఇక్కడ తెరవను. లెక్క ప్రకారం మొత్తంలో ఒక్క రూపాయి తేడా లేదు. కానీ ఖాతాకు చేరిన డబ్బు దగ్గరకు ఆ ఎండలో ముసలి కాళ్లు చేరవలసి వచ్చింది. దూరం పోలేదు, ఒకరి మీద నుంచి మరొకరి మీదకు మారింది, అంతే. సాంకేతికత దూరాన్ని జయించిందని చెప్పినప్పుడల్లా, ఇప్పుడు ఆ దూరాన్ని ఎవరు నడుస్తున్నారని అడగడం మంచిది. బలమున్నవాడు నడవాలా, లేనివాడు నడవాలా? క్రిస్మస్ కథ ఈ ప్రశ్నకు జవాబుగా బలమున్నవాణ్ణే నడిపించింది. నమ్మినా నమ్మకపోయినా ఆ జవాబులోని నీతిని మనం చూడగలం.

ఇక్కడ ఒక వింత బయటపడుతుంది. అంతటా ఉండటం, అన్నీ తెలియడం, అలసట లేకపోవడం అనే దేవుడి లక్షణాలనే మన కాలం కోరుకుంటోంది. కెమెరా నిద్రపోదు, సర్వర్ మరిచిపోదు. అర్ధరాత్రి దుఃఖం చెప్పుకుంటే కృత్రిమ మేధ ఓపికగా జవాబిస్తుంది, విసుక్కోదు. ప్రార్థన కూడా రాసిస్తుంది. దేవుడు వదులుకుని దిగాడని క్రైస్తవులు చెప్పేవాటినే మనం ఎక్కుతూ అందుకోవాలని చూస్తున్నాం.

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది, దాన్ని దాటవేయకూడదు. కొడుకు పరాయి దేశంలో ఉన్న తల్లికి వీడియో కాల్ అబద్ధపు ఓదార్పు కాదు. ఆ ముఖం చూశాక ఆమె నిజంగానే అన్నం తింటుంది. అలాగే రోగికి పక్కన కూర్చునే మనిషి కన్నా సరైన మందు ఎక్కువ మేలు చేసే రోజులుంటాయి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ ఈ సంగతి గ్రహించినట్టున్నాడు. మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో 1847లో వైద్యపట్టా తీసుకుని తిరిగొచ్చి, పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేశాడు. మనిషి దగ్గరకు వెళ్లినవాడు ఉత్త చేతులతో వెళ్తే చాలదని అతడి జీవితం చెబుతుంది. పైగా ఇంకో ఇబ్బంది ఉంది. ఉనికే ముఖ్యమైతే, రెండు వేల ఏళ్లుగా విశ్వాసి చేతిలో ఉన్నది మాత్రం ఏమిటి? ఒక పుస్తకం, కొన్ని పాటలు, ఇతరుల సాక్ష్యం. దగ్గరకు వచ్చినవాడి వార్త కూడా దూరం నుంచే చేరింది. కాబట్టి మాధ్యమాన్ని మొత్తంగా కాదనే వీలు క్రైస్తవుడికి లేదు.

అయినా ఏదో మిగిలిపోతుంది. ఆ మిగిలినదేమిటో పట్టుకోవడానికి ప్రయత్నిద్దాం. నా బాధ విన్న స్నేహితుడు తన రాత్రి నిద్ర పోగొట్టుకున్నాడు, రేపటి పనిని పక్కన పెట్టాడు, నా ఏడుపుకి ఏం చేయాలో తెలియక తడబడ్డాడు. అతడు వచ్చినందుకు అతడికి ఏదో పోయింది. యంత్రం అంతకన్నా తెలివైన మాట చెప్పవచ్చు, కానీ దానికి పోయేదేమీ లేదు. నాలాగే దెబ్బ తినగలవాడు, నాలాగే చచ్చిపోయేవాడు నా పక్కన ఉండటానికి ఒప్పుకోవడంలో ఒక అర్థం ఉంది. సలహా ఎంత మంచిదైనా ఆ అర్థానికి సాటి రాదు. అన్నీ తెలిసినవాడు ఎందుకు రావాలన్న మొదటి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. తెలుసుకోవడం కోసం రానక్కర్లేదు. నష్టపోవడానికి సిద్ధపడటం మాత్రం దూరం నుంచి సాధ్యం కాదు.

శరీరం గురించి ఇంత మాట్లాడుకున్నాక, ఈ నేల మీద శరీరానికి జరిగిన అవమానాన్ని చెప్పకపోతే మన ఆలోచన బోలుగా ఉంటుంది. శావల్యాపురానికి దగ్గరలోని వినుకొండలో 1895 సెప్టెంబర్ 28న గుర్రం జాషువా పుట్టాడు. తండ్రి గొల్ల, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. యువకుడిగా రాజమండ్రిలో మూకీ సినిమాలకు పక్కన నిలబడి కథ చెప్పి బతికిన రోజులున్నాయి. తెర మీద కదిలే మూగ బొమ్మలకు ఒక మనిషి గొంతు అవసరమైన కాలం అది. 1941లో వచ్చిన ఆయన 'గబ్బిలం'లో దళితుడు తన మొర శివుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, అతడు వెళ్లలేడు. ఇక్కడ సమస్య సందేశానిది కాదు. అతడి మొర పవిత్రమే, భక్తి పవిత్రమే, పనికిరానిది అతడి శరీరం ఒక్కటే. అంటరానితనం అంటే అదే. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి, కులం మనిషి శరీరం మీద రాసిన తీర్పును అంతకుముందే లోకానికి చూపించాడు. ఈ రెండు కావ్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకటి అడిగిన ప్రశ్నను రెండోది మోస్తున్నట్టు నాకు అనిపిస్తుంది.

తాకకూడదన్న శరీరాన్నే దేవుడు తొడుక్కున్నాడన్న మాట మాలపల్లెలో, మాదిగపల్లెలో వినిపించినప్పుడు దాని బరువు వేరు. మిగతావారికి అది వేదాంత విషయం, అక్కడివారికి తమ చర్మం గురించిన తీర్పు మారడం. కానీ ఆ మాట చెప్పినవారే దాన్ని ఎంత నిలబెట్టారు? కులాన్ని బట్టి విడిపోయిన చర్చిలు మన ఊళ్లలోనే ఉన్నాయి. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు బాప్తిస్మం కన్నా కులమే ముందు నిలుస్తుంది. మరోవైపు, 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండడు. మతం మారగానే అంటరానితనం పోయిందని చట్టం భావిస్తోంది, ఊరు అలా భావించదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలపై దాడి జరిగినప్పుడు దాడి చేసినవారు ఎవరి మతమూ అడగలేదు. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఆవరణ ఆ రోజుల్లో చేసిన పని ఏ ప్రసంగమూ చేయలేదు.

మరి దేవుణ్ణి పక్కన పెట్టి ఇదంతా సాధ్యం కాదా? జర్మన్ తత్వవేత్త లుడ్విగ్ ఫోయర్‌బాక్ 1841లోనే అవతరణను మనిషి తన ప్రేమను తానే దేవుడిగా నిలబెట్టుకున్న కథగా వివరించాడు. దేవుడు దిగి వచ్చాడని చెప్పడంలో మనిషి తన విలువను తాను గుర్తిస్తున్నాడన్నది అతడి వాదం. మన దగ్గర ఆ వాదాన్ని జీవించి చూపినవాడు గోరా. దేవుణ్ణి ఒప్పుకోనందుకు కాలేజీ ఉద్యోగాలు పోయాయి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవారితో సహపంక్తి భోజనాలు నడిపాడు. 1948లో సేవాగ్రామ్‌లో తన కుమార్తెను దళిత యువకుడికిచ్చి పెళ్లి చేశాడు. దేవుడు దిగి వచ్చాడని నమ్మని మనిషి, తానే దిగి వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాడు. ఇది చూశాక, విశ్వాసం లేనిదే మంచితనం నిలవదని ఎవరూ అనలేరు.

అయితే విశ్వాసి ఇక్కడ ఒక ప్రశ్న అడగవచ్చు, దాన్ని తోసిపుచ్చడం నాకు చేతకాదు. ధాత కరువులో దారుల పక్కన ఒంటరిగా పోయినవారి దగ్గరకు ఏ కార్నిష్ రాలేదు, ఏ క్లౌ రాలేదు, ఏ పేరయ్యా రాలేదు. వారి చివరి గంటలో వారి పక్కన ఎవరున్నారు? మానవవాది నిజాయతీగా 'ఎవరూ లేరు' అనాలి. విశ్వాసి 'తానే ఆకలిగొన్నవాడు, తానే ఒంటరిగా చచ్చినవాడు ఒకడున్నాడు' అంటాడు. తేల్చి చెప్పే సాధనం హేతువు దగ్గర లేదు. ఈ రెండు జవాబులూ బతికి ఉన్నవారి చేత ఏం చేయిస్తాయో మాత్రం మనం చూడగలం. ఆయన ఉన్నాడు కదా అని మనం వెళ్లకపోవడానికి విశ్వాసి ఓదార్పును వాడుకున్నవారు చరిత్రలో తక్కువేమీ కాదు. ఎవరూ లేరన్న మాట కూడా పోయినవారిని గణాంకంగా మడిచిపెట్టడానికి పనికొచ్చింది.

నా బుద్ధికి అందేది 'ఎవరూ లేరు' అన్న జవాబే. కానీ దాన్ని పలికిన ప్రతిసారీ వారి ఒంటరితనానికి పూర్తి బాధ్యత మనుషుల మీదే పడుతుంది, పంచుకునే దేవుడు ఉండడు. ఆ బాధ్యత మోయడానికి సిద్ధపడకుండా, మాదిగపల్లెలో ఒంటరిగా ఉంటూ రాత్రి పడుకునే ముందు 'నువ్వున్నావయ్యా' అని చెప్పుకునే ముసలమ్మ దగ్గర నుంచి ఆ మాటను తీసేసే హక్కు హేతువాదికి ఉందని నేను అనుకోను. ఆమె గడప దాకా వెళ్లి కూర్చున్నవాడికి ఆమెతో వాదించే అర్హత రావచ్చు. వెళ్లాక వాదించాలనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు వెళ్లినవాడే చెప్పాలి.